కుమ్మరోళ్ల ఇంటి తర్వాత

దాదాపు ఏడాది పాటు ప్రతి ఆదివారం ఉదయం ఒక ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నా కంప్యూటర్ ముందు కూర్చుని తన ఊళ్లో ఇంటి తర్వాత ఇల్లు దాటుకుంటూ నడిచేవాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు. గోదావరిఖని నుంచి స్కూటర్ మీద అరగంట పోతే, అది ఉండిన చోట ఓపెన్‌కాస్ట్ గని కనిపిస్తుంది. అంచున నిలబడి చూస్తే అడుగున తిరిగే డంపర్లు అగ్గిపెట్టెలంత ఉంటాయి.

ఊరు ఖాళీ అవుతుందనగా నేను అక్కడికి వెళ్లాను. అప్పుడు ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. డెస్కు వాళ్లు అడిగింది ఒక ఫొటో, నలభై లైన్ల వార్త. చేతిలో కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా, ఫిల్ము అయిపోతుందన్న భయం లేదు. ఊళ్లో ఉన్నవి రెండు వాడలు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి వరకు ఒక్కోటి ఎదురుగా నిలబడి తీసుకుంటూ పోయాను. అప్పటికే కొందరు తలుపులు, కిటికీలు ఊడదీసి ట్రాక్టర్ల మీద వేసుకుంటున్నారు. పేపర్లో వచ్చింది ఒకే ఫొటో. మిగిలినవి నా దగ్గరే ఉండిపోయాయి.

వాటిని సీడీల్లో దాచాను. రామగుండం ఎండలకు ఇనుప బీరువా లోపల సీడీల వెండిపూత పొక్కులు లేచింది. అది చూసి భయపడి, ఇంకా తెరుచుకుంటున్న వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీలు పారేశాను. మరో చోట ఇంకో కాపీ పెట్టలేదు. ఏ వార్తయినా ఇద్దరు చెబితే తప్ప రాయొద్దని చిన్న విలేకరుల మీద ముప్పై ఏళ్లు కేకలు వేసిన నేను, ఒక ఊరిని ఒకే చోట పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాను.

రిటైరయ్యాక తీరిక దొరికింది. ఆ ఫొటోలను పక్కపక్కన అతికించి ఒక్కో వాడను ఒక్కో పొడవాటి పట్టీగా చేశాను. మౌస్‌తో జరుపుతుంటే బస్సు కిటికీలోంచి చూసినట్టు ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ సంగతి మా వీధి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఎట్లాగో తెలిసింది. ఒకరోజు గేటు దగ్గర నిలబడింది.

"అన్నా, మా ఊరు నీ కాడ ఉన్నదటగదా. మా బాపుకు జర చూపెడ్తవా?"

వాళ్ల బాపు ఆ ఊరి సుంకరి. పంచాయితీ అయినా, జ్వరాల మందు వచ్చినా, ఎవరైనా చనిపోయినా ఇంటింటికీ తిరిగి కబురు చెప్పడం ఆయన పని. ఊరు పోయాక నిర్వాసితుల కాలనీలో చీటీలు తీసి ప్లాట్లు పంచారు. పక్కింటివాళ్లు పక్కకు రాలేదు, ఎదురింటివాళ్లు ఎదురుగా రాలేదు. కబురు పట్టుకుని బయల్దేరిన మనిషి ఆ కాలనీలో దారి తప్పి తిరిగేవాడట. కొన్నేళ్లకు మతిమరుపు మొదలైంది. దవాఖానలో మందులిచ్చారు గానీ, ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరిగేదే అన్నారు.

మొదటి ఆదివారం ఆయన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. నేను మొదటి ఇల్లు తెర మీదికి తెచ్చాను.

"బాపూ, గిదేందో చూడు" అంది కూతురు.

చాలాసేపు చూశాడు. నడుము నిటారైంది. "గౌండ్లోళ్ల ఇల్లు" అన్నాడు. ఆ గొంతు నేను ఊహించింది కాదు. నాలుగిళ్ల అవతలికి వినపడాలని అలవాటైన గొంతు. నేను పట్టీ జరిపాను. "మేరోళ్ల ఇల్లు. పెద్దాయనకు చెవుడు, దగ్గరికి వోయి చెప్పాలె." ఇంకొంచెం జరిపాను. "గిది జామచెట్టోళ్లది. కుక్క ఉంటది, పైలం." ఇంటి తర్వాత ఇల్లు, లోపల ఎవరెవరు ఉండేవారో, ఎవరి పేరేమిటో, ఎవరు ఎవరితో మాట్లాడరో చెప్పుకుంటూ పోయాడు.

కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంటికాడ నా పేరు గూడ నన్నే అడుగుతడన్నా. ఈడ కూసుంటే ఆళ్ల కుక్క పేరు గూడ చెప్తున్నడు."

చిక్కంతా కంప్యూటర్‌తోనే. ఆ పట్టీలు బాగా బరువైనవి. నాలుగైదు ఇళ్లు జరిపేసరికి తెర బిగుసుకుపోయి మధ్యలో చక్రం తిరుగుతూ ఉండేది. నాకు అది చిన్న ఆలస్యం. ఆయనకు ఆ సందులోనే దారి తెగిపోయేది. "ఏడున్నం?" అని అడిగేవాడు. కూతురు ఏం చెప్పినా వినడు. మళ్లీ గౌండ్లోళ్ల ఇంటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఒక్కోసారి అరగంటలో మూడుసార్లు వెనక్కి వచ్చి, అలిసిపోయి ఏడ్చేవాడు. మొదటి వాడ దాటి రెండో వాడలోకి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన ఇల్లు రెండో వాడ చివర.

ముందే ఆ చివరి ఇల్లు చూపిస్తే పోలేదా అని ఒక వారం అట్లాగే చేశాను. తడిక, చిన్న అరుగు, అరుగు మీద బోర్లించిన కుండ. ఆయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మనిల్లే బాపూ."

"నడుమ ఇండ్లు ఏడ వోయినయే? మనిల్లయితే గింత జల్ది ఎట్లొస్తది?" అని కసిరాడు.

వెళ్లేటప్పుడు ఆమె గేటు దగ్గర ఆగింది. "ఒక్కసారన్న ఇంటిదాక తీస్కపో అన్నా. ఆయన మతి ఇంక ఎన్నొద్దులుంటదో." ఆమె ఎప్పుడూ పెద్దగా అడిగే మనిషి కాదు. ఆ మాట నాలో ఉండిపోయింది.

మా పక్కింటాయనకు చెప్పాను. అండర్‌గ్రౌండ్ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు ఆయన బావ, ఆయనకు నేను బావ.

"నీ డబ్బాల దమ్ము లేదు బావా. ర్యామ్ పెంచు, ఉరుకుతది" అన్నాడు.

ఉన్న రెండు ర్యామ్‌ల పక్కన ఇంకో రెండు తెప్పించి, ఒక గురువారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి బిగించాం. పట్టీ తెరిచాను. గౌండ్లోళ్ల ఇంటి నుంచి రెండో వాడ మలుపు దాకా ఆగకుండా జరిగింది. ఒకటి రెండు చోట్ల కొంచెం తడబడింది, అంతే. ఆ మాత్రం చాలు. ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా నా మనసు ఆ క్షణం దగ్గరే ఆగుతుంది. అక్కడ లేచి వెళ్లి అన్నం తినాల్సింది.

కానీ కొత్త ర్యామ్‌ల మీద అంటించిన చీటీలో ఉన్న వేగం ఒకటి, కంప్యూటర్ చూపిస్తున్న వేగం ఒకటి. ఫోన్‌లో ఒక వీడియో చూశాం. మామూలుగా అవి తక్కువ వేగంతోనే నడుస్తాయట. కంప్యూటర్ లేచే ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే దాన్ని ఆన్ చేస్తేనే పూర్తి వేగం వస్తుందట.

"కొత్త ఇంజను పెట్టి సెకండ్ గేర్ల తోల్తున్నవ్ బావా" అన్నాడు. "ఆ తడబడుడు గూడ పోనియ్యి. ముసలాయన ఆదివారం సీదా ఇంటికి వోతడు."

ఆన్ చేశాను. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. తెర నల్లగా ఉండిపోయింది. లోపల ఫ్యాన్లు ఒక్కసారి హోరెత్తి ఆగాయి. మళ్లీ హోరెత్తాయి. డబ్బా పక్క తలుపు తీసే ఉంది, ర్యామ్‌ల దగ్గర మదర్‌బోర్డు మీద ఒక నారింజరంగు దీపం వెలిగింది. నేను దాన్ని చూస్తుండగానే బావ ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ తీసేశాడు.

ఆయన చెయ్యి ఆలోచించి చేసిన పని కాదది. గనిలో కేబుల్ దగ్గర ఏదైనా తేడాగా కనిపిస్తే నిలబడి చూడకూడదు. ముందు కరెంటు తియ్యాలి, తర్వాతే మాట. ఏళ్ల తరబడి అదే చేసిన చెయ్యి. ఇంట్లో మిక్సీ కొత్త చప్పుడు చేసినా మెయిన్ దగ్గరికి ఉరుకుతాడు. "మా ఇంట్ల పచ్చడి నూరాలంటే ఈయనను బజారుకు తోలాలె" అని వాళ్లావిడ వాడంతా చెబుతుంది.

మళ్లీ ఆన్ చేశాం. మళ్లీ చీకటి, హోరు, నారింజ దీపం. మళ్లీ స్విచ్ తీశాడు. మూడోసారి, "ఆగు బావా, ఏమైతదో చూద్దాం" అన్నాను.

"చూసేందుకేమున్నది? కాలినంక చూస్తవా?" అని తీసేశాడు.

మరునాడు డబ్బాను స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని బస్టాండు వెనక భాయ్ దుకాణానికి తీసుకెళ్లాం. భాయ్‌ది యాభై దాటిన వయసు. మా ప్రాంతంలో పాడైన కంప్యూటర్లు, చెడిపోయిన ప్రింటర్లు అన్నీ ఆయన బల్ల మీదికే చేరతాయి. ముందుగా బ్లోయర్ పెట్టి లోపలి దుమ్ము ఊదాడు. నల్లటి మేఘం లేచింది.

"క్యా సాబ్, దీంట్లకెళ్లి తీసిన బొగ్గుతోని చాయ్ కాచుకోవచ్చు" అన్నాడు.

ఏం జరిగిందో చెప్పాం. ఆయన బావ వైపు చూశాడు. "దీపం ఎలిగితే కాలిపోతున్నట్టు కాదు సాబ్. కొత్త స్పీడుకు నాలుగు ర్యామ్‌లు కుదుర్తయా లేదా అని అది చూసుకుంటది. పాత రెండు ఒక కంపెనీయి, కొత్త రెండు ఇంకో కంపెనీయి. కుదరకుంటే రెండు మూడు సార్లు ఆగి మళ్ల లేసి, అదే పాత స్పీడుకు వస్తది. మీరు దాన్ని లేవనిస్తేనే గద! ఒక ఐదు పది నిమిషాలు చేతులు కట్టుకొని కూసుంటే అయిపోతుండె."

బావ తన అరచేతుల్ని ఒకసారి చూసుకుని తొడల కింద పెట్టుకున్నాడు.

భాయ్ ర్యామ్‌లన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒకటో గాడిలో, రెండో గాడిలో. ఏదీ లేవలేదు. చివరికి బోర్డు మీది గుండ్రటి చిన్న బ్యాటరీ తీసేశాడు. అది కాసేపు లేకపోతే బోర్డు మనం మార్చినవన్నీ మరిచిపోయి మొదటి సెట్టింగులకు వస్తుందని చెప్పాడు. పాత ర్యామ్‌లు రెండే ఉంచాడు. అంతలో జుమ్మా వేళయింది.

"నమాజ్‌కు వోయొస్త. వచ్చినంక బ్యాటరీ పెట్టి నేనే ఆన్ చేస్త. ఫికర్ చెయ్యకుండ్రి" అని టోపీ తీసుకుని వెళ్లాడు.

ఇద్దరం ఆ బల్ల ముందు కూర్చున్నాం. బావ గడియారం చూస్తున్నాడు. ముందురోజు ఆగలేకపోయిన మనిషికి, తన వల్ల పోయిన దాన్ని తన చేత్తోనే లేపాలని ఉన్నట్టుంది.

"ఇరవై నిమిషాలైంది బావా. బ్యాటరీ పెడ్దామా?"

నేను వద్దని చెప్పి ఉండాల్సింది. "పెట్టు" అన్నాను.

పెట్టాడు. స్విచ్ వేశాడు. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. బావ నా భుజం పట్టుకుని ఊపాడు. "లేసింది! చూసినవా, లేసింది!" ఆ సంతోషంలోనే నేను మొదటి వాక్యం చదివాను. భద్రతకు సంబంధించిన ఏదో భాగం మారింది, దాన్ని కొత్తగా మొదలుపెట్టడానికి వై నొక్కమని. నొక్కాను.

రెండో వాక్యం ఉంది. డిస్కుకు తాళం వేసి ఉంటే, అసలు తాళంచెవి లేకుండా ఇక కంప్యూటర్ తెరుచుకోదు అని. అది కింది లైనులో, అదే సైజు అక్షరాల్లో, స్పష్టంగా ఉంది. నేను నొక్కాక చూశాను. హెడ్డింగు మాత్రమే చదివి ఉత్తరాలు రాసే పాఠకుల్ని విసుక్కుంటూ బతికినవాణ్ణి నేను.

తర్వాత నీలం తెర వచ్చింది. తాళంచెవిగా నలభై ఎనిమిది అంకెలు అడిగింది.

భాయ్ వచ్చి చూసి టోపీ బల్ల మీద పెట్టాడు. "ఏం నొక్కిన్రు?"

"వై."

"కింది లైను చదవలేదా?"

"లేదు."

"మీరు పేపరాయన గదా సాబ్" అన్నాడు. వెక్కిరింపుగా కాదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు అన్నాడు.

ఆ తాళం నేను వేసింది కాదు, ఉన్నట్టు కూడా నాకు తెలియదు. ఈ కాలపు కంప్యూటర్లు మొదట ఏ అకౌంట్‌తో తెరుస్తామో ఆ అకౌంట్ పేరున తమకు తామే తాళం వేసుకుంటాయని, ఆ అంకెలు ఆ అకౌంట్‌లో దాచి ఉంచుతాయని భాయ్ చెప్పాడు. మొదట తెరిచిన అకౌంట్ ఏదో గుర్తు తెచ్చుకోమన్నాడు. గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. నాకు అప్పట్లో ఉన్న మెయిల్ ఒక్కటే, ఆఫీసు ఇచ్చింది. పాస్‌వర్డ్ ఎప్పుడో మరిచిపోయాను. మార్చుకోవాలంటే ఆ మెయిల్‌కే కోడ్ వస్తుంది.

శనివారం పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేశాను. కంప్యూటర్లు చూసే అతను నా పేరు రెండుసార్లు అడిగాడు. పదవీ విరమణ చేసిన వారి మెయిళ్లు ఆ నెలలోనే తీసేస్తారని, తిరిగి తేవడం తన చేతుల్లో లేదని మర్యాదగా చెప్పాడు. నేను ఎడిషన్‌లో పాతవాళ్లిద్దరికి ఫోన్ చేశాను. ఒకరు ఎత్తలేదు. ఒకరు ఎత్తి, "ఆ ఫొటోలు అప్పుడు మన సర్వర్‌లో పడలేదా?" అని అడిగారు. పడింది ఒక్కటే. మూడు కాలమ్‌ల ఫొటో. అందులో ఇల్లు కాదు, ట్రాక్టరు ఉంది.

బావ సాయంత్రం వచ్చి మా మెట్ల మీద కూర్చున్నాడు. "నేనే తీసిన బావా కరెంటు" అన్నాడు. నీ తప్పు లేదు, నొక్కింది నేను అని చెప్పాలి. ఆ మాటకు బదులు చాయ్ తాగుతావా అని అడిగాను. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ఆమెకు ఫోన్ చేసి రావద్దని చెప్పి ఉండవచ్చు. నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ చెయ్యలేదు.

ఆదివారం వాళ్లు వచ్చే వేళకే వచ్చారు. ఆమె ఆ రోజు వాళ్ల బాపుకు ఉతికిన ధోతి కట్టించింది. తలకు నూనె రాసింది. వారం కిందట నేనే చెప్పాను, కొత్త సామాను వేస్తున్నాం, ఈసారి ఇంటిదాకా వెళ్తాడని. వాకిట్లోనే నా మొహం చూసి ఆగిపోయింది.

"ఏమైందన్నా?"

చెప్పాను. ఎంత సులువు చేసి చెప్పినా సగం ఆమెకు అర్థం కాలేదు. "మల్ల రాదా?" అని ఒక్కటే అడిగింది. రాదన్నాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఈలోగా ముసలాయన తనంతట తానే లోపలికి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. నల్లటి తెర ముందు. డబ్బా భాయ్ దుకాణంలోనే ఉండిపోయింది, అది ఉండాల్సిన చోట బల్ల మీద దుమ్ములో దాని అడుగు ఆకారం మిగిలి ఉంది. ఆయన నడుము నిటారైంది.

"గౌండ్లోళ్ల ఇల్లు" అన్నాడు.

నేను, కూతురు ఒకరినొకరం చూసుకున్నాం. నేను అలవాటు కొద్దీ మౌస్ మీద చెయ్యి వేశాను. ఆయన ఆ చేతి వైపు చూసి ముందుకు కదిలాడు.

"మేరోళ్ల ఇల్లు. జామచెట్టోళ్లు. కుక్క... పైలం." కాస్త ఆగాడు. "కోమటాయన ఇల్లు. రెండు తలుపులు." నేను మౌస్ జరుపుతూనే ఉన్నాను. తిరిగే చక్రం లేదు, బిగుసుకుపోయే తెర లేదు. ఏమో, ఇట్లాగే వెళ్లిపోతాడేమో అనిపించింది. ఆమె కూడా అట్లాగే అనుకున్నట్టుంది, ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"కుమ్మరోళ్ల ఇల్లు" అన్నాడు. ఆగిపోయాడు.

మేం ఎదురుచూశాం. ఆయన తెరలోకి చూస్తూ ముందుకు వంగాడు. అందులో ఆయన మొహమే కనిపించి ఉంటుంది.

"తర్వాత ఎవలిల్లు?"

నాకు ఆ ఇల్లు కళ్లకు కట్టినట్టు తెలుసు. నీలం తలుపు. గోడకు ఆనించిన సైకిలు. గడప పక్క ఒంటి చెప్పు. తలుపు సందులోంచి సగం కనిపించే ఒక ఆడమనిషి. ఆ ఫొటో నేనే తీశాను, నేనే అతికించాను, ఎన్ని ఆదివారాలు జరిపానో లెక్కలేదు. ఆ ఇంటి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక పేరు చెప్పాడు. బిగ్గరగా, స్పష్టంగా చెప్పాడు. నా చూపు చక్రం మీద ఉండేది. ఆ పేరు నేను ఏ రోజూ రాసుకోలేదు. పక్కనే పెన్ను ఉండేది.

కూతురి వైపు చూశాను. "నేను పదేండ్లకే మా మేనమామోళ్లింటికి చదువుకు వోయిన అన్నా. ఆ ఇంటోళ్లు నాకు ఎరుక లేదు, బాపు చెప్పిన పేరు గూడ యాదికొస్తలేదు" అంది గుసగుసగా.

"నీలం తలుపు కాకా" అన్నాను. "సైకిలుంటది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "తలుపుకు చెప్తరా కబురు? మనిషి పేరు చెప్పు."

ఆయన ఇంకాసేపు చూసి, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి మెల్లగా లేచాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడనుకున్నాను. పెట్టలేదు. అన్ని వారాల్లో దారి తెగాక మళ్లీ మొదలుపెట్టకుండా లేవడం అదే మొదటిసారి.

"ఈడిదాక చెప్పిన" అన్నాడు కూతురితో, పని సగంలో వదిలినవాడు పెద్దవాళ్లకు అప్పజెప్పినట్టు. "అవుతలోళ్లకు ఇంక తెల్వది."

"ఏం కబురు బాపూ?" అంది ఆమె.

ఆయన ఆలోచించాడు. చాలాసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఆమె మొహంలోకి చూసి, "నువ్వెవలోళ్ల బిడ్డవే?" అని అడిగాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాటించింది. తర్వాతి ఆదివారం వాళ్లు రాలేదు. కుర్చీ అక్కడే ఉంది. దాని పక్కన ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను పెట్టాను. పుస్తకంలో కుమ్మరోళ్ల ఇంటి దాకా రాసి ఉంది.